నది దాటిన దేవతలు: గోమంతక క్షేత్రాల అజ్ఞాత చరిత్ర

విజయవాడ, గుంటూరు, గుంతకల్లు మీదుగా వాస్కో చేరే అమరావతి ఎక్స్‌ప్రెస్ క్యాజిల్ రాక్ స్టేషను దాటి సహ్యాద్రి కనుమలలోకి దిగటం ఆరంభించగానే, అంతవరకు నిద్రలో ఉన్న ప్రయాణికులందరూ కిటికీల వద్దకు చేరుతారు. దూధ్‌సాగర్ జలపాతం కనబడే ఘడియ అది. కొండ మీది నుండి పాలవలె జారే ఆ ధారను చూసి, ఫోటోలు తీసుకొని, మరల వచ్చి కూర్చుంటారు. రైలు కులెం చేరేసరికి మనస్సులు కలంగుట్, బాగా సముద్రతీరాలకు ముందే చేరి ఉంటాయి. ఆ జలపాతం ఉన్న అరణ్యంలోనే సుమారు ఎనిమిది వందల సంవత్సరాలుగా ఒక శివాలయం నిలిచి ఉన్నదని ఎరిగినవారు ఆ పెట్టెలలో అరుదు.

ఆ స్థలం పేరు తాంబ్డీ సుర్లా. కొంకణి భాషలో తాంబ్డీ అనగా ఎర్రనిది. నేల ఎర్రనిది, ఆలయం మాత్రం నల్లనిది. కదంబుల కాలంలో కృష్ణశిలతో, సున్నపు లేపనం లేకుండా, రాతిలో రాయిని ఇమిడ్చి నిర్మించిన మహాదేవాలయం అది. గర్భగృహం, అంతరాళం, నాలుగు స్తంభాల మండపం, ఆ మండపం పైకప్పున వికసించిన శిలాపద్మం, అంతే. విస్తీర్ణంలో మన పల్లెలలోని రామాలయం కంటె పెద్దది కాదు. ఒక స్తంభపు పాదభాగంలో ఏనుగు గుర్రాన్ని తొక్కుచున్నట్లు చెక్కినారు. మండపమధ్యంలో నంది ఉన్నది, శిరస్సు లేదు. ప్రక్కనే సుర్లా నది రాళ్ళ మీద ప్రవహిస్తుంది. శివరాత్రినాడు తప్ప తక్కిన దినాలలో అక్కడ మంత్రధ్వని కంటె జలధ్వనియే అధికం.

గోవాలో కదంబులనాటి దేవాలయం దాదాపు సమగ్రంగా మిగిలినది ఇది ఒక్కటే అని చరిత్రకారులు చెప్పుతారు. ఎందుచేత మిగిలినది? సమాధానం సులభం: దారి లేదు కనుక మిగిలినది. సంపన్నమైన రేవుపట్టణాల నడుమ, రాజవీధులలో కట్టిన ఆలయాలన్నీ పోగా, కనుమల క్రింద, కారడవిలో, ఎవరి కంటా పడని స్వామి నిలిచి ఉన్నాడు. గోమంతకంలో దాగిన స్థలాలను దర్శించదలచినవారు ఈ సంగతిని ముందుగా మనస్సులో నిలుపుకోవాలి. ఆ దేశంలో మారుమూల ఆలయం యాత్రికుల అశ్రద్ధ వలన మరుగున పడినది కాదు. ప్రాణరక్షణకై మరుగును ఆశ్రయించినది.

గోవా పటాన్ని ఎదుట పెట్టుకొన్న సాధకునికి ఒక ప్రశ్న తోచక మానదు. పరశురాముడు సముద్రుని వెనుకకు నెట్టి భూమిని పొందినాడని స్కాందపురాణానికి చెందిన సహ్యాద్రిఖండం చెప్పుతుంది. ఆ భూమిలో అరవై ఆరు కుటుంబాలు స్థిరపడిన సీమ సాష్టి అయినదని, ముప్పది వాడల సీమ తిస్వాడి అయినదని సంప్రదాయం. ఈ రెండును, ఉత్తరాన బార్దేశమును, సముద్రతీరాన ఉన్న ప్రాచీన సీమలు. మరి క్షేత్రాలు అక్కడ కదా ఉండవలసినది? కాని మంగేశుడు, శాంతాదుర్గ, మహాలస, రామనాథుడు అందరూ తీరానికి దూరంగా, నదికి ఆవలి ఒడ్డున, ఫోండా అనే ఒక్క సీమలో, ఇరుగుపొరుగు ఇండ్లవలె చేరువ చేరువగా కొలువై ఉన్నారు. ఒక క్షేత్రం నుండి మరియొక క్షేత్రానికి కొన్నిచోట్ల కాలినడకనే పోవచ్చును. స్థలపురాణాలు ఇంత ఇరుకుగా సాగవు. ఇది పురాణం చేసిన పని కాదు, చరిత్ర చేసిన పని.

1510లో అల్ఫోన్సో డి అల్బుకెర్క్ గోవా నగరాన్ని బీజాపూరు సుల్తాను నుండి జయించినాడు. ఆరంభంలో పోర్చుగీసువారికి వర్తకమే ముఖ్యం. మూడు దశాబ్దాలు గడిచేసరికి పరిస్థితి మారినది. 1540 ప్రాంతంలో తిస్వాడి ద్వీపాలలోని దేవాలయాలను కూల్చినారు. 1543లో సాష్టి, బార్దేశాలు వారి అధీనమైనవి. 1560లో గోవాలో మతవిచారణ న్యాయస్థానం నెలకొన్నది. 1566, 1567 సంవత్సరాలలో సాష్టిలోని ఆలయాల వంతు వచ్చినది. దేవతాపూజ నేరం, పురోహితుడు నేరస్థుడు అయిన కాలం అది. దేవుని మాన్యాలు చర్చిల పోషణకు మళ్ళినవి. ఇందులో ఒక వైచిత్ర్యం కూడ ఉన్నది: ఏ గ్రామంలో ఏ దేవునికి ఎంత భూమి ఉండెనో ఆ పాలకులే పట్టికలు వ్రాయించినారు. గుడులను రూపుమాపినవారి దస్త్రాలే ఆ గుడుల పేర్లను నేటివరకు భద్రపరచినవి.

అప్పటికి నదికి ఆవలి ఫోండా సీమ పోర్చుగీసువారిది కాదు. అది బీజాపూరు ఆదిల్‌షాహీ ఏలుబడిలో ఉండినది. 1763 వరకు ఆ సీమ వారి చేతిలో పడలేదు. కనుక హిందూదేవతలు ఒక ముసల్మాను సుల్తాను రాజ్యంలోకి శరణార్థులై వెళ్ళినారు. చరిత్రను ఒక్క రంగుతో చిత్రించదలచినవారికి ఈ వాక్యం మ్రింగుడుపడదు; అయినను సత్యం సత్యమే.

మంగేశుని ప్రయాణం వీటిలో ప్రసిద్ధమైనది. స్వామి మూలస్థానం జువారీ నదీతీరాన ఉన్న కుశస్థలి. నేటి వ్యవహారంలో కొర్తాలి. జువారీని స్థానికులు అఘనాశిని అనికూడ అంటారు. పార్వతీదేవి వ్యాఘ్రాన్ని చూసి భయపడి, త్రాహి మాం గిరీశ అని పిలువబోయి తొట్రుపాటుతో పలికిన మాటయే మాంగిరీశుడు, మంగేశుడు అయినదని స్థలకథ. భయవిహ్వలయైన దేవి పిలుపు నుండి పుట్టిన నామం గల స్వామికి, తానే భయవిహ్వలులైన భక్తుల చేతులలో తరలవలసిన దినం వచ్చినది. 1560లో కుశస్థలి భక్తులు లింగాన్ని తీసుకొని నది దాటి, ప్రియోళ గ్రామాన్ని చేరినారు.

ఆగమం తెలిసినవారు ఇచ్చట ఆగుతారు. ప్రతిష్ఠితమైన స్థావరలింగాన్ని అకారణంగా కదల్చరాదు. జీర్ణోద్ధారణ వంటి అవసరం కలిగినప్పుడు సహితం కళాకర్షణ జరగాలి. బింబంలోని దైవకళను మంత్రపూర్వకంగా కుంభజలంలోకి ఆవాహన చేసి, ఆ కుంభాన్ని బాలాలయంలో నిలిపి, నిత్యార్చన లోపించకుండ జరిపి, తిరిగి బింబంలో కళాన్యాసం చేయాలి. తెలుగునాట ఆలయ పునర్నిర్మాణం జరిగినచోటనెల్ల భక్తులు చూసే క్రమమే ఇది. దీనికి ముహూర్తం కావాలి, ఋత్విక్కులు కావాలి, హోమద్రవ్యాలు కావాలి. అన్నింటికంటె ముందు ప్రశాంతి కావాలి. ప్రాణభయంతో నది దాటేవారికి వీటిలో ఏది లభిస్తుంది? ఆపద్ధర్మం అనే మాట శాస్త్రంలో ఉన్నది ఇట్టి ఘడియల కొరకే. అంగలోపం జరిగిననాడు దానిని పూరించేది కర్త యొక్క శ్రద్ధయే. చేతిలో దర్భ లేనివాడు దోసిలినే దర్భాసనం చేసినాడు అనుకోవలసినదే.

ఇట్టి ప్రవాసం ఒక్క గోమంతకంలోనే జరుగలేదు. 14వ శతాబ్దిలో శ్రీరంగం మీద దండయాత్ర జరిగినప్పుడు రంగనాథుని ఉత్సవమూర్తి అనేక స్థలాలు తిరిగి తిరుమల చేరినది. 1371లో గోపణ్ణ అనే విజయనగర దండనాయకుడు స్వామిని తిరిగి శ్రీరంగంలో నిలిపినాడు. స్వామి ఉండిన స్థలమే తిరుమలలోని రంగనాయకుల మంటపం. ఏడుకొండలు ఎక్కే తెలుగువారు ఆ మంటపంలో నిలిచినప్పుడు, తాము ఒక శరణాలయంలో నిలిచి ఉన్నామని స్మరించేది తక్కువ. శ్రీరంగనాథునికి తిరుగుప్రయాణం లభించినది. మంగేశునికి లభించలేదు. ఇదే భేదం.

తిరుగుప్రయాణం లేనందున అతిథిగృహమే స్వగృహం అయినది. 1739లో మరాఠా సర్దారు రామచంద్ర మల్హార్ సుఖ్‌టణ్‌కర్ యత్నంతో పీష్వా ప్రభుత్వం ఆ గ్రామాన్నే స్వామికి ఇచ్చినది. స్వామి పేరే ఊరి పేరైనది, మంగేశి. ఆ ఊరి పేరునే గాయకుడు దీనానాథ్ ఇంటిపేరుగా ధరించినాడు. ఆయన కుమార్తె లతా మంగేష్కర్ కంఠం ద్వారా ఆ పేరు భారతదేశమంతా వినబడినది. తెలుగు ఇంటిలో రేడియో పెట్టినవారికి సహితం, తెలియకనే, నది దాటిన ఒక లింగం పేరు చెవిని పడినది.

శాంతాదుర్గ మూలస్థానం సాష్టిలోని కేళోశి. ఆమె కథ తత్త్వవిచారం చేసేవారికి మిక్కిలి ప్రియమైనది. శివకేశవుల నడుమ యుద్ధం చెలరేగి లోకం తల్లడిల్లగా, బ్రహ్మ ప్రార్థనతో జగన్మాత వారి మధ్య నిలిచి ఇద్దరినీ శాంతింపజేసినది. మూర్తి చేతులలోని రెండు సర్పాలు ఆ హరిహరులే. దుర్గ అనగానే ఖడ్గం, శూలం, మహిషశిరస్సు స్ఫురించే తెలుగు భక్తునికి, కలహాన్ని ఆపటమే పరాక్రమంగా గల ఈ దుర్గ కొత్త దర్శనం. శాంతికి అధిదేవత అయిన తల్లియే కలహం వలన ఇల్లు విడిచినది. కవళే గ్రామంలో ఆమెకు నేడున్న ఆలయం 1738లో ఛత్రపతి శాహు మహారాజు మంత్రి నారో రాము పూనికతో వెలసినది. ఎర్రని గుమ్మటం, పలు అంతస్తుల దీపస్తంభం, విశాలమైన పుష్కరిణి గల ఆ ఆలయాన్ని తొలిసారి చూసినవారు ఇది దేవాలయమా అని ఒక క్షణం సంశయిస్తారు. మన విమాన, గోపుర లక్షణాలు అక్కడ వెతుకరాదు. పక్కనున్న చర్చిల వాస్తువు, మహమ్మదీయుల గుమ్మటం, మరాఠా దీపమాల, మూడును ఆ కట్టడంలో కలిసిపోయినవి. శిల్పశాస్త్రం అంగీకరించునో లేదో గాని, కాలం అంగీకరించినది.

వెర్ణ గ్రామం నుండి మార్దోళ్ చేరిన మహాలస విషయంలో మరియొక విశేషం ఉన్నది. ఆమె స్త్రీమూర్తి, అయినను యజ్ఞోపవీతం ధరించి ఉంటుంది. అమృతం పంచిన మోహినియే మహాలస అని భక్తుల విశ్వాసం; విష్ణువే గనుక ఉపవీతం తొలగలేదు. లోటలి నుండి వచ్చిన రామనాథుడు బాందివడెలో నెలకొన్నాడు. ఇందరు ప్రవాసుల నడుమ ఆ బాందివడెలోనే నాగేశుడు మాత్రం స్వస్థానంలోనే ఉన్నాడు. ఆ ఆలయంలో 1413 నాటి శిలాశాసనం ఉన్నది. విజయనగర ప్రభువు దేవరాయల కాలానిది. తక్కిన దేవతలు ఇంటిని విడిచి వచ్చి చేరిన సీమలో ముందునుండి ఉండి స్వాగతం పలికిన గృహస్థు నాగేశుడు అనవచ్చును.

విజయనగరం ప్రసక్తి వచ్చినందున సప్తకోటీశ్వరుని చరిత్ర చెప్పవలసి ఉన్నది. వేదాంతగ్రంథాలతో పరిచయం గల సాధకులు ఎక్కువకాలం నిలువవలసిన చోటు ఇది.

సప్తర్షులు ఏడుకోట్ల సంవత్సరాలు తపస్సు చేయగా ప్రసన్నుడైన శివుడు సప్తకోటీశ్వరుడని కథ. మాండవీ నది నడుమ ఉన్న దివాడి ద్వీపం స్వామి మూలస్థానం. గోవా కదంబులకు ఈయన ఇలవేల్పు. తాము సప్తకోటీశ్వరుని వరప్రసాదం పొందినవారమని వారు బంగారు నాణేల మీద ముద్రించుకొన్నారు. కదంబుల అనంతరం 14వ శతాబ్దిలో బహమనీ సేనలు గోవాను ఆక్రమించినప్పుడు ఈ ఆలయం మొదటిసారి ధ్వంసమైనది. విజయనగర సామ్రాజ్యం తరపున గోవాను తిరిగి జయించి, సప్తనాథుని పునఃప్రతిష్ఠించినవాడు మాధవమంత్రి. 1391 నాటి తామ్రశాసనం ఆయన కాలానిది.

ఎవరీ మాధవమంత్రి? పేరు వినగానే చాలమంది విద్యారణ్యులని భావిస్తారు. పుస్తకాలలో సహితం ఈ పొరపాటు దొర్లుచున్నది. విద్యారణ్యుల పూర్వాశ్రమ నామం మాధవాచార్యులే అని ప్రసిద్ధి గనుక ఆ భ్రమ సహజమే. కాని ఆ మాధవులు మాయణుని పుత్రులు, భారద్వాజ గోత్రులు. గోవాను పాలించిన మాధవమంత్రి చౌండిభట్టు పుత్రుడు, ఆంగిరస గోత్రజుడు, కాశీవిలాస క్రియాశక్తి గురువుల శిష్యుడు. స్కాందపురాణాంతర్గతమైన సూతసంహితకు తాత్పర్యదీపిక అనే వ్యాఖ్యానం రచించినవాడు ఈయనయే. శివమాహాత్మ్య, జ్ఞానయోగ, ముక్తి, యజ్ఞవైభవ ఖండాలతో కూడిన ఆ సంహితను, అందలి బ్రహ్మగీతను, సూతగీతను పారాయణం చేసే అద్వైతులు తెలుగునాట నేటికి కలరు. వారిలో ఎందరు ఆ వ్యాఖ్యాత ఒక సముద్రతీర రాజ్యాన్ని పాలించిన సేనాధిపతి అని ఎరుగుదురు?

ఇచ్చట క్షణకాలం ఆలోచించవలసినది ఉన్నది. పరమేశ్వరుడు సర్వవ్యాపి, నిరాకారుడు, ఆత్మస్వరూపుడు అని నిరూపించే సంహితకు అర్థం చెప్పినవాడే, కూలిన గుడిలోని ఒక లింగాన్ని వెతికించి తిరిగి పీఠం మీద నిలిపినాడు. సర్వత్ర ఉన్న వస్తువుకు ఒక స్థలం ఎందుకు అని ఆయన అడుగలేదు. జ్ఞానికి అవసరం లేకపోవచ్చును. దివాడి ద్వీపంలో ఉదయాన్నే బిల్వదళం పట్టుకొని వచ్చే సామాన్యునికి అవసరం. తాత్పర్యదీపికను చదివి విగ్రహారాధన నిమ్నాధికారులదని తేలికగా మాట్లాడేవారు ఆ గ్రంథకర్త చేతల వైపు కూడ ఒకసారి చూడాలి.

ఆయన నిలిపిన ఆలయం నూట యాభై సంవత్సరాల దాక నిలిచి, పోర్చుగీసువారి చేతిలో మరల కూలినది. అప్పుడు లింగాన్ని బావిగట్టున నీళ్ళు తోడటానికి వాడినారని, భక్తులు రహస్యంగా దానిని సంగ్రహించి నది దాటించినారని చెప్పుకుంటారు. ఆవలి ఒడ్డున, బిచోలి సీమలో, పాతవూరి పేరుతోనే ఉన్న నార్వేలో స్వామి వెలసినాడు. 1668లో ఛత్రపతి శివాజీ మహారాజు అక్కడికి వచ్చి ఆలయాన్ని పునర్నిర్మింపజేసినాడు. కొండ పాదాన, చెట్ల నీడలో, బయటికి కనబడని రీతిగా ఉన్న చిన్న ఆలయం అది. లోపలి లింగం సామాన్య లింగాలవలె నున్నగా ఉండదు, ధారాలింగం. నిలువు పలకలు తీరి మెరుస్తుంది. గోకులాష్టమినాడు భక్తులు సమీపంలోని పంచగంగా తీర్థంలో స్నానం చేస్తారు. అక్కడ నిలిచినవారికి ఎదుట నదికి అవతల కనబడేది దివాడి ద్వీపమే. స్వామి విడిచి వచ్చిన ఇంటికి అభిముఖంగా నిలిచి చేసే స్నానం అది. ద్వీపంలో పాత ఆలయపు పుష్కరిణి నేటికి మిగిలి ఉన్నది.

పాతవూరి పేరుతోనే ఉన్న నార్వే అని చెప్పినది ఊరకనే కాదు. ప్రవాసదేవతలు తమ వెంట తీసుకొనిపోయినది బింబాన్ని మాత్రమే కాదు, చిరునామాను కూడ. ఇందుకు పరమోదాహరణం బ్రహ్మదేవుడు. బ్రహ్మకు ఆలయాలు అరుదని అందరూ ఎరిగినదే; పుష్కరం పేరు చెప్పి ఊరుకుంటారు. తిస్వాడిలోని కరమళి గ్రామంలో కదంబుల కాలంలో బ్రహ్మాలయం ఉండినది. ఆ గ్రామస్థులు కొందరు చతుర్ముఖుని నల్లరాతి మూర్తిని తీసుకొని చాలదూరం తూర్పుగా, సత్తరి అరణ్యసీమకు పోయి, వాళ్‌పయి సమీపంలో ఒక పల్లె కట్టుకొన్నారు. ఆ పల్లెకు వారు పెట్టుకొన్న పేరు బ్రహ్మకరమళి. పాత కరమళి నేడు రైల్వే స్టేషను. కొంకణ రైలు ఎక్కిన యాత్రికులందరూ పాత గోవా చర్చిలను చూడటానికి అక్కడ దిగుతారు. సృష్టికర్త మాత్రం పోకతోటల నడుమ, వాహనాలు ఎక్కువగా రాని ఊరిలో, మూలగ్రామం పేరును మోస్తూ నిలిచి ఉన్నాడు. చోడణ ద్వీపం నుండి వచ్చిన దేవకీకృష్ణుడు సహితం ఇట్టి అరుదైన దేవతయే. మాశేల్ గ్రామంలో తల్లి దేవకి బాలకృష్ణునితో కలిసి పూజలందుకొంటుంది. యశోదాకృష్ణులు సర్వత్ర కలరు. కన్నతల్లికి గుడి ఎక్కడ? ఆషాఢ శుద్ధ ఏకాదశి మరునాడు అక్కడి ఆలయప్రాంగణంలో పెద్దలు, పిల్లలు బురదలో కృష్ణుని బాల్యక్రీడలు ఆడుతారు. చిఖల్ కాలో అని దానికి పేరు. ధోవతి మలినం కాకూడదనుకొనేవారు దూరంగా నిలబడుట మంచిది.

దేవతలు వెళ్ళిన తరువాత మిగిలిన గ్రామాల మాట ఏమిటి? కదంబుల తొలి రాజధాని చంద్రపురం, నేటి చాందోర్. అక్కడ బయల్పడిన ఆలయపు పునాదుల నడుమ ఒక నంది ఉన్నది. దానికి కూడ శిరస్సు లేదు. స్వామి లేడు, గర్భగృహం లేదు. శిరస్సు లేని నంది మాత్రం మోకరిల్లి, లేని స్వామివైపు తిరిగి కూర్చున్నది. శివాలయంలో నంది కొమ్ముల నడుమ నుండి లింగాన్ని దర్శించటం ఆచారం. చాందోర్‌లో కొమ్ములు లేవు, లింగమూ లేదు.

అయినను గ్రామం దేవతను, దేవత గ్రామాన్ని పూర్తిగా విడువలేదు అనటానికి కుంకళ్లి సాక్ష్యం. 1583లో అక్కడి గావ్‌కర్లు, అనగా గ్రామపు మూలకుటుంబాలవారు, ఆలయధ్వంసాన్ని ఎదిరించి తిరుగుబాటు చేసినారు. ఐదుగురు జెసూయిట్ పాద్రీలు మరణించినారు. ప్రతీకారంగా పాలకులు గ్రామపెద్దలను సంధి మాటలకై కోటకు పిలిపించి వధించినారు. రక్తం ఇరువైపుల ప్రవహించినది. ఆ ఊరి శాంతాదుర్గ ఫాతర్పాకు తరలి, నేటికి కుంకళ్లికారీణ్ అనే పేరుతోనే పూజింపబడుచున్నది. కుంకళ్లి ఊరి ఆడపడుచు అని దాని భావం. ఫాల్గుణంలో శిగ్మో పండుగ సమయాన ఆమె పుట్టింటికి ఊరేగింపుగా వస్తుంది. పన్నెండు మూలవంశాలకు గుర్తుగా పన్నెండు గొడుగులు ముందు నడుస్తాయి. ఆ వంశాలలో తరతరాల క్రితం క్రైస్తవమతం స్వీకరించినవారు సహితం ఉన్నారు. గొడుగుల ఉత్సవంలో వారికీ స్థానం ఉన్నది. మతం మారినను గోత్రబంధం తెగలేదు. మపుసా పట్టణంలోని మిలాగ్రిస్ మాతను శిర్‌గావ్ లైరాయీదేవికి చెల్లెలుగా భావించి హిందువులు నూనె సమర్పించటం కూడ ఇట్టిదే. తెలుగుపల్లెలలో గ్రామదేవతలను అక్కచెల్లెళ్ళుగా ఎంచినవారికి దీనిని వివరించి చెప్పనక్కరలేదు.

ఇంతవరకు చెప్పిన ప్రవాసాలన్నీ పరాయిపాలన వలన కలిగినవి. గోవా 1961 డిసెంబరు 19న విముక్తి పొందినది. అటుపిమ్మట కూడ ఒక మహాదేవుడు ఇల్లు కదలవలసి వచ్చినది. ఆ సంగతి చెప్పక ఈ చరిత్రను ముగించటం న్యాయం కాదు.

దక్షిణ గోవాలో సాళావళి నది మీద ఆనకట్ట కట్టాలని స్వతంత్ర ప్రభుత్వం నిర్ణయించినది. త్రాగునీటికి, సాగునీటికి అది అవసరం. మునిగే గ్రామాలలో కుర్డీ ఒకటి. హిందువులు, క్రైస్తవులు, మహమ్మదీయులు కలిసి బ్రతికిన సారవంతమైన పల్లె. సుప్రసిద్ధ గాయని మోగూబాయి కుర్డీకర్ ఇంటిపేరు ఆ ఊరిదే. గ్రామస్థులకు వాడెం, వాళ్‌కిణి గ్రామాలలో స్థలాలు ఇచ్చినారు. అక్కడి ప్రాచీన మహాదేవాలయాన్ని పురావస్తుశాఖవారు రాయి రాయిగా విడదీసి, దూరంగా, ఆనకట్టకు సమీపాన, యథాతథంగా తిరిగి పేర్చినారు. మంగేశుడు పడవలో వెళ్ళినాడు, గుడి వెనుక మిగిలి కూలినది. కుర్డీ మహాదేవుని విషయంలో గుడియే బయలుదేరినది. శాస్త్రజ్ఞుల శ్రమ ప్రశంసనీయం. ఆ ఆలయం నేడు పచ్చికబయలులో చక్కగా నిలిచి ఉన్నది. చుట్టూ ఊరు లేదు.

1980 దశకంలో నీళ్ళు కుర్డీని కప్పినవి. కాని వైశాఖ జ్యేష్ఠాలలో జలాశయం ఇంకినప్పుడు ఊరు బయటికి వస్తుంది. బీటలు వారిన నేల, ఇండ్ల పునాదులు, తులసికోటల మొండాలు, ఎండి నల్లబడిన చెట్ల మోళ్ళు కనబడతాయి. మే మాసంలో పాత కుర్డీవారు వాడెం నుండి, వాళ్‌కిణి నుండి పిల్లలను వెంటబెట్టుకొని వస్తారు. క్రైస్తవులు తమ ప్రార్థనాలయం వద్ద చేరుతారు. హిందువులు సోమేశ్వరాలయం వద్ద చేరి ఉత్సవం జరుపుతారు. పిల్లలకు పెద్దలు ఇది మన గడప, ఇది మన బావి, ఇది పొలానికి పోయే త్రోవ అని చూపుతారు. సోమేశ్వరునికి దీపారాధన జరుగుతుంది. మృగశిర కార్తెతో వర్షాలు ఆరంభమై, నీళ్ళు మొదట పొలాల మీదికి, పిమ్మట ఇండ్ల పునాదుల మీదికి ఎక్కుతాయి.